అల్లం సీసాలో వచ్చిన పక్షవాతం

మన భాషలో ‘మందు’ అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. వైద్యుడు ఇచ్చేదీ మందే, వైద్యుడు వద్దనేదీ మందే. ఇది ఏ కవీ కోరి కల్పించిన శ్లేష కాదు. జనం నోట పుట్టి, జనం నోటనే నిలిచింది. ఆ రెండు అర్థాల నడుమ ఉన్న గోడ ఎంత పలుచనిదో తెలుసుకోవాలంటే రమ్ము, అల్లం కలిసి నడిచిన దారిని చూడవలసిందే.

ఈ వ్యాసానికి కారకుడు మా మేనల్లుడు. మొన్న డిసెంబరులో వాళ్లింటికి వెళ్లినప్పుడు, పొడవాటి గాజు గ్లాసులో ఐసు ముక్కలు వేసి, అరవై మిల్లీలీటర్ల నల్లని రమ్ము కొలిచి పోసి, పైన జింజర్ బీరు నింపి, ఒక నిమ్మచెక్క పిండి, నా వైపు చూసి నవ్వాడు. “జలుబు చేసింది మామయ్యా. అల్లం ఉంది, నిమ్మకాయ ఉంది. ఇది మందు కాదు, కషాయం” అన్నాడు. శొంఠి లేని కషాయం లేదన్న సామెత మనకున్న మాట నిజమే. అయితే శొంఠి పడినదల్లా కషాయం కాదు. ఆ మాట వాడితో అన్నాను గాని, విందు వేళ వైద్యుడి మాట ఎవరు వింటారు? ఇంటికి వచ్చాక తీరికగా రాస్తున్నాను.

ముందుగా ఆ వెచ్చదనం సంగతి. అల్లంలోని ఘాటుకు కారణం జింజరాల్ అనే పదార్థం. అల్లం ఎండి శొంఠి అయినప్పుడు అందులో కొంత షోగాల్‌గా మారుతుంది, అది మరింత ఘాటు. ఈ రెండూ నోటిలో, గొంతులో వేడిని పసిగట్టే నాడీ గ్రాహకాలనే తట్టి లేపుతాయి. మద్యం కూడా అవే గ్రాహకాలను సున్నితం చేస్తుంది. అందువల్ల రెండూ కలిసినప్పుడు గొంతు దిగుతున్న నిప్పు రెట్టింపుగా తోస్తుంది. పైగా మద్యం చర్మంలోని రక్తనాళాలను వెడల్పు చేస్తుంది. ముఖం వేడెక్కుతుంది, చెవులు ఎర్రబడతాయి. అయితే ఆ వేడి ఎక్కడి నుంచో వచ్చింది కాదు, శరీరం లోపలిదే. చర్మం మీదుగా బయటికి పోతున్నది. అంటే, వెచ్చబడ్డామని అనుకుంటున్న వేళకే లోపల చల్లబడుతున్నాం. చలిలో తాగి ఆరుబయట పడుకున్నవారు ప్రాణాల మీదికి తెచ్చుకోవడానికి ఇదే కారణం. అల్లానికి వికారం తగ్గించే గుణం ఉన్నదని, గర్భిణుల వేవిళ్లలో కొంత ఉపశమనం ఇస్తుందని పరిశోధనలు చెబుతున్నాయి. ఆ కీర్తి అల్లానిది. దాన్ని రమ్ముకు బదిలీ చేయడం కుదరదు.

మా వాడు కలిపిన పానీయం బెర్ముడా ద్వీపానిదిగా పేరు పొందింది. అక్కడ బ్రిటిష్ నౌకాదళపు రేవు ఉండేది, అక్కడే జింజర్ బీరు తయారయ్యేది. ద్వీపంలోని వర్తక కుటుంబం ఒకటి రమ్ము అమ్మేది. నావికులు ఈ రెంటినీ కలుపుకున్నారు. కాక్‌టెయిల్ పుస్తకాలు చెప్పే చరిత్ర ఇంతటితో ముగుస్తుంది. వైద్యుడు చెప్పవలసిన చరిత్ర ఇంకా ముందు నుంచి మొదలవుతుంది.

చెరుకు మన దేశపు పంట. ‘శర్కర’ అన్న మాటే పడమటికి నడుస్తూ పోయి ‘షుగర్’ అయింది. అల్లమూ అంతే. సంస్కృతంలో శృంగవేరం, తమిళంలో ఇంజి. ‘జింజర్’ అన్న ఇంగ్లీషు మాట వేళ్లు దక్షిణాసియాలోనే ఉన్నాయి. పదహారవ శతాబ్దంలో స్పెయిన్ వారు అల్లాన్ని కరీబియన్ దీవులకు తీసుకుపోయి నాటారు. జమైకా అల్లానికి లోకమంతా పేరు వచ్చింది. చెరుకు కూడా అదే సముద్రం దాటింది. దాన్ని నరకడానికి ఆఫ్రికా నుంచి మనుషులను బంధించి తెచ్చారు. పంచదార తీయగా మిగిలిన మడ్డిని, అంటే మొలాసిస్‌ను, పులియబెట్టి బట్టీ పట్టగా వచ్చినదే రమ్ము. పదిహేడవ శతాబ్దపు బార్బడోస్‌లో దానికి ‘కిల్-డెవిల్’ అనే పేరు ఉండేది, దయ్యాన్ని సైతం చంపేది అని. బానిసత్వం రద్దయ్యాక అవే చెరుకు తోటలకు, ఇతర సముద్రాల్లోని తోటలకు మన గోదావరి, విశాఖ జిల్లాల మనుషులూ కూలి ఒప్పందాల మీద ఓడలెక్కారు. మారిషస్‌లో తెలుగువారికి నేటికీ ఉన్న ‘కోరంగి’ అన్న పేరు కాకినాడ పక్కనున్న రేవుదే. రెండు పంటలూ మనవే, కొంతమేరకు చెమటా మనదే.

ఆ తొలికాలపు రమ్ము తాగినవారికి ఒక వింత రోగం వచ్చేది. కడుపులో భరించలేని మెలి, దానితోపాటు మలబద్ధకం, కొన్నాళ్లకు మణికట్లు వాలిపోయి చేతులు పనికి రాకపోవడం. దాన్ని పశ్చిమ దీవుల పొడి కడుపునొప్పి అనేవారు. వేడి వాతావరణమనీ, చెడు గాలి అనీ ఎన్నో కారణాలు చెప్పుకున్నారు. అసలు కారణం బట్టీలోనే ఉంది. రమ్ము ఆవిరి చల్లబడి ద్రవంగా దిగే గొట్టాలను, బట్టీ మూతలను సీసంతో చేసేవారు. ఆమ్లగుణమున్న ఆవిరి ఆ సీసాన్ని కొద్దికొద్దిగా కరిగించి గ్లాసులోకి తెచ్చేది. మసాచుసెట్స్ వలస ప్రాంతంలో 1723లోనే సీసపు బట్టీ తలలను, గొట్టాలను నిషేధిస్తూ చట్టం చేశారు. 1745లో ఫిలడెల్ఫియా వైద్యుడు థామస్ కాడ్వాలడర్ ఈ రోగంపై ఒక పుస్తకం రాశాడు. దాన్ని అచ్చువేసినవాడు బెంజమిన్ ఫ్రాంక్లిన్. అదే ఫ్రాంక్లిన్ ముసలితనంలో, 1786లో, ఒక మిత్రుడికి రాసిన ఉత్తరంలో చిన్నప్పుడు విన్న న్యూ ఇంగ్లండ్ రమ్ము సంగతి గుర్తుచేసుకున్నాడు. సీసం చెడుగు ఇంత కాలంగా తెలిసి ఉండీ జనం దాన్ని పట్టించుకోవడానికి ఇంత ఆలస్యమేమిటన్నది ఆ ఉత్తరంలోని బాధ. జమైకాలో పనిచేసిన సైనిక వైద్యుడు జాన్ హంటర్ కూడా సిపాయిల కడుపునొప్పికి రమ్ములోని సీసమే కారణమన్న నిర్ణయానికి వచ్చాడు. ఈ వరసలో నన్ను ఎక్కువగా కలచిన విషయం ఒకటుంది. బార్బడోస్‌లోని న్యూటన్ తోటలో పాతిపెట్టిన బానిసల ఎముకలను ఇరవయ్యవ శతాబ్దంలో తవ్వి పరీక్షించగా వాటిలో సీసం విపరీతంగా కనబడింది. దానికి ప్రధాన మూలం వాళ్లు తాగిన రమ్మేనని పరిశోధకులు ఊహించారు. ఆ రమ్మును తోట యజమానులే వాళ్లకు కూలికి మారుగా, బహుమానంగా, ఒక్కొక్కసారి మందుగా పోసేవారు. రెండు అర్థాల మందు!

నౌకాదళం కథ ఇంతకంటె ప్రసిద్ధం కనుక తొందరగా ముగిస్తాను. 1740 ఆగస్టులో అడ్మిరల్ ఎడ్వర్డ్ వెర్నన్, నావికులకు రోజూ ఇచ్చే సుమారు పావు లీటరు రమ్మును నాలుగు రెట్ల నీళ్లతో కలిపి, రెండు పూటలుగా పంచి ఇవ్వవలసిందని ఆజ్ఞాపించాడు. ఆయన ధరించే గ్రోగ్రామ్ గుడ్డ కోటును బట్టి ఆయనకున్న ముద్దుపేరే ఆ పానీయానికి ‘గ్రాగ్’ అని స్థిరపడింది. పొదుపు చేసుకున్నవారు పంచదార, నిమ్మకాయలు కొనుక్కుని అందులో కలుపుకోవచ్చునని కూడా చెప్పాడు. అందుచేత స్కర్వీని జయించిన ఘనత ఆయనకు కట్టబెట్టేవారున్నారు. అది సరికాదు. 1747లో జేమ్స్ లిండ్ పన్నెండు మంది రోగులైన నావికులను ఇద్దరిద్దరు చొప్పున విడదీసి ఆరు రకాల చికిత్సలు చేసి, నారింజ, నిమ్మ తిన్న ఇద్దరే కోలుకున్నారని చూశాడు. ఆ తరువాత ఇంకా సుమారు యాభై ఏళ్లకు, 1795లో గాని నౌకాదళం నిమ్మరసాన్ని తప్పనిసరి చేయలేదు. ఆ రసాన్ని గ్రాగ్‌లో కలిపి ఇచ్చారు కనుక, ప్రాణం నిలిపింది రమ్మేనని చాలామంది నావికులు నమ్మి ఉంటారు. పక్కన కూర్చున్నవాడికి దక్కవలసిన కీర్తి మద్యానికి దక్కడం అదే మొదలు కాదు, చివర కాదు. రోజువారీ రమ్ము పంపిణీని బ్రిటిష్ నౌకాదళం 1970 జులై 31న ఆపింది. మన సైన్యపు క్యాంటీను రమ్ము కూడా ఆ వారసత్వంలోనిదే. సెలవుకు వచ్చిన జవాను పెట్టెలోంచి తీసి పెద్దవాళ్లకు ‘చలికి మంచిది’ అని ఇచ్చిన సీసాలు నా చిన్నతనంలో చాలా చూశాను.

ఇప్పుడు అసలు కథకు వస్తాను.

అల్లంలోని ఘాటు పదార్థాలు నీటిలో సరిగా కరగవు, మద్యంలో కరుగుతాయి. ఇంట్లో అల్లం ముక్కలను రమ్ములో నానబెట్టుకునేవారు చేస్తున్నది ఇదే. పందొమ్మిదవ శతాబ్దపు అమెరికాలో ఇదే పద్ధతిన చేసిన ఘాటైన సారం ఒకటి మందుల దుకాణాల్లో అమ్మేవారు. దాని పేరు ‘జమైకా జింజర్’. అజీర్ణానికి, కడుపు ఉబ్బరానికి, జలుబుకు మందు. రెండు ఔన్సుల చిన్న సీసా. మా మేనల్లుడు కొలిచి పోసిన కొలతే, అరవై మిల్లీలీటర్లు. అయితే అందులో మద్యం నూటికి డెబ్బై నుంచి ఎనభై పాళ్లు. మన రమ్ములో ఉండేది నూటికి నలభై మూడుకు కాస్త తక్కువ.

1920లో అమెరికా దేశమంతటా మద్యనిషేధం వచ్చింది. మందుగా అమ్మేదానికి మినహాయింపు. జమైకా జింజర్ సీసాను దుకాణంలో ముప్పై అయిదు సెంట్లకు కొనుక్కోవచ్చు. చీటీ అక్కరలేదు, పోలీసు భయం లేదు. ధనికులు దొంగ బారుల్లో మంచి విస్కీ తాగుతుంటే, కూలీలు, పొలం పనివాళ్లు, పని వెతుక్కుంటూ ఊళ్లు తిరిగేవాళ్లు ఈ సీసాలను కూల్‌డ్రింకులో కలుపుకొని తాగారు. దానికి వాళ్లు పెట్టుకున్న ముద్దుపేరు ‘జేక్’. దీన్ని ఎవరూ సరదాకు తాగకూడదనే ఉద్దేశంతో ప్రభుత్వం ఒక నిబంధన విధించింది: సారంలో అల్లపు ఘన పదార్థం ఎంతో చిక్కగా ఉండాలి, నాలుక మీద పెట్టలేనంత చేదుగా, ఘాటుగా. అధికారులు అప్పుడప్పుడు ఒక సీసాను తీసుకుని, ద్రవాన్ని మరిగించి, అడుగున మిగిలిన ఘనపదార్థాన్ని తూచేవారు. బరువు సరిపోతే సరుకు మంచిదే.

ఈ పరీక్షలోని లోపం మీకు అర్థమయ్యే ఉంటుంది. తూచుతున్నది బరువునే గాని, ఆ బరువు దేనిదో ఎవరూ చూడడం లేదు. కల్తీదారులు అల్లం తగ్గించి, ఆముదమో మొలాసిసో కలిపి బరువు సరిపెట్టసాగారు. బోస్టన్‌లో హ్యారీ గ్రాస్, మ్యాక్స్ రీస్మన్ అనే ఇద్దరు ఇంకా మెరుగైన కల్తీ పదార్థం కోసం వెతికారు. రంగు ఉండకూడదు, వాసన ఉండకూడదు, రుచి మార్చకూడదు, మద్యంలో కరగాలి, మరిగించినా ఆవిరైపోకూడదు. అటువంటిది ఒకటి దొరికింది. లక్క వార్నిషులలో, ప్లాస్టిక్‌ను మెత్తబరచడంలో వాడే లిండాల్ అనే ద్రవం. రసాయనికంగా ట్రై ఆర్థో క్రెసిల్ ఫాస్ఫేట్. విషం కాదనే అప్పటి నమ్మకం.

1930 ఫిబ్రవరి చివరలో ఓక్లహోమా సిటీలో ఎఫ్రాయిమ్ గోల్డ్‌ఫైన్ అనే వైద్యుడి దగ్గరకు పాదాలు వాలిపోయిన మనిషి ఒకడు వచ్చాడు. కొద్ది కాలంలోనే అదే లక్షణంతో మరికొందరు, ఆపై పదుల మంది. జ్వరం లేదు కనుక పోలియో అనుకోవడానికి వీల్లేదు. సీసపు విషమా అంటే కడుపునొప్పి చరిత్ర లేదు. అందరికీ ఉమ్మడిగా కనబడింది ఒక్కటే, జేక్. కొన్ని వారాల్లో దక్షిణ, మధ్య రాష్ట్రాలనిండా ఇదే వార్త. మొదట పిక్కలు పట్టేసి నొప్పి, తిమ్మిరి. తరువాత పాదం పైకి లేవదు. మరికొన్నాళ్లకు చేతి మణికట్లు వాలిపోతాయి. తాగిన నాడు ఏమీ కాదు. పది రోజులకో రెండు వారాలకో మొదలవుతుంది. అందుచేతనే చాలామంది రోగులకు తాము తాగిన సీసాకూ తమ కాళ్లకూ సంబంధం ఉన్నదని తోచలేదు.

ఆ నడకకు ఒక చప్పుడు ఉంది. పాదం ఎత్తలేనివాడు మోకాలిని గుర్రంలా పైకెత్తి అడుగు వేస్తాడు. అప్పుడు మొదట వేళ్లు నేలను తాకుతాయి, ఆ వెంటనే మడమ ‘టప్’మని పడుతుంది. ఊరి వీధిలో ఆ చప్పుడు వినబడితే చాలు, ఎవరో చూడనక్కరలేదు. జేక్ తాగినవాడు వస్తున్నాడని తెలిసిపోయేది. ఆ నడకకే ‘జేక్ వాక్’ అని పేరు. ఆ ఏడాదే దక్షిణాది గాయకులు, నల్లవారూ తెల్లవారూ, ఆ కాళ్ల మీద పాటలు కట్టి గ్రామఫోను రికార్డులిచ్చారు. వైద్య పత్రికల కంటె ముందుగా కాకపోయినా, వాటితో సమానంగా ఆ పాటలు రోగలక్షణాలను చెప్పాయి. పురుషత్వం పోయిందన్న వెక్కిరింతతో సహా.

కారణం కనిపెట్టిన తీరు వైద్య విద్యార్థులకు పాఠంగా చెప్పదగ్గది. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధనశాలలో మారిస్ స్మిత్, ఎలియాస్ ఎల్వోవ్ అనే ఇద్దరు అనుమానిత సీసాలను విశ్లేషించి, వాటిలో ఫాస్ఫేట్ సమ్మేళనం నూటికి సుమారు రెండు పాళ్లు ఉన్నదని పట్టుకున్నారు. అయితే జంతువులలో రోగం పుట్టించాలి కదా? కోతులకు, కుక్కలకు నోటి ద్వారా ఇచ్చి చూస్తే ఏమీ కాలేదు. ఆ దశలో నిరాశపడి ఊరుకుని ఉంటే కథ అక్కడే ఆగేది. కోళ్లకు ఇచ్చి చూశారు. రెండు వారాలలో కోళ్ల కాళ్లు పడిపోయాయి. మనిషి నాడులకు, కోడి నాడులకు ఈ విషయంలో ఉన్న పోలికను అప్పుడు గుర్తించిన కారణంగానే, నేటికీ ఫాస్ఫరస్ పురుగుమందులు నాడులకు ఆలస్యంగా హాని చేస్తాయా అని తేల్చడానికి కోడిపెట్టల మీదే పరీక్షిస్తారు.

ఎంతమంది? ముప్పై వేల నుంచి యాభై వేల వరకు అంచనాలున్నాయి. సరిగ్గా ఎవరూ లెక్కించలేదు. లెక్కించకపోవడానికీ ఒక కారణం ఉంది: వాళ్లు పేదవాళ్లు, పైగా తాగుబోతులు, తమ పాపాన తామే పోయారన్నది అప్పటి సభ్యసమాజపు మాట. బాధితులు సంఘం పెట్టుకున్నా నష్టపరిహారం రాలేదు. గ్రాస్, రీస్మన్‌లు నేరం ఒప్పుకున్నారు. కోర్టు వెయ్యి డాలర్ల జరిమానా, రెండేళ్ల జైలు విధించి, ఆ జైలును కూడా అమలు కాకుండా నిలిపివేసింది. ఆ తరువాత మాట తప్పినందుకు గ్రాస్ మాత్రం జైలు చూశాడు. వేలాది జతల కాళ్లకు వెయ్యి డాలర్లు.

సరిగ్గా అవే సంవత్సరాలలో, సముద్రానికి ఇవతలి ఒడ్డున, మరో అల్లం సీసా కథ నడిచింది. 1928 ఆగస్టులో స్కాట్లండ్‌లోని పెయిస్లీ పట్టణంలో మే డొనహ్యూ అనే పేద స్త్రీకి స్నేహితురాలొకరు కెఫేలో ఐస్‌క్రీము, జింజర్ బీరు ఇప్పించింది. గోధుమరంగు సీసా, లోపలిది కనబడదు. సగం తాగి మిగిలినది ఒంపుతుండగా కుళ్లిన నత్త బయటపడిందని ఆమె ఫిర్యాదు. కడుపులో జబ్బు చేసి ఆసుపత్రి పాలైంది. సీసా కొన్నది స్నేహితురాలు. కనుక అమ్మినవాడితో డొనహ్యూకు ఒప్పందమేదీ లేదు, అప్పటి న్యాయం ప్రకారం ఆమె ఎవరినీ అడగలేదు. కోర్టు ఖర్చులకు కూడా గతిలేని పేదరాలినని రాసిచ్చి ఆమె ప్రభువుల సభ దాకా వెళ్లింది. 1932 మే 26న అయిదుగురిలో ముగ్గురు ఆమె పక్షాన తీర్పు చెప్పారు: తయారుచేసినవాడికి, తన సరుకు ఎవరి నోటికి చేరుతుందో ఆ మనిషి పట్ల బాధ్యత ఉంది. సీసాలో నత్త నిజంగా ఉన్నదా లేదా అన్నది కోర్టులో ఎన్నడూ రుజువు కాలేదు. తరువాత రాజీ కుదిరింది. వినియోగదారుల హక్కుల న్యాయానికి పునాదిరాయి అదే. మన దేశంలో 1995లో సుప్రీంకోర్టు వైద్యులను వినియోగదారుల చట్టం పరిధిలోకి తెచ్చినప్పుడు మా వృత్తిలో చాలామంది గొణిగారు, నేనూ గొణిగాను. జేక్ కథ చదివాక ఆ గొణుగుడు మానేశాను.

మద్యనిషేధం, అల్లం సారం అన్న జోడీ మనకూ కొత్త కాదు. ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం 1937లో సేలంలో నిషేధం మొదలుపెట్టి, మరుసటి ఏడు చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించింది. నిషేధం ఉన్నచోటల్లా ‘టింక్చర్ జింజర్’ సీసాలకు గిరాకీ పెరగడం మన దేశమూ చూసింది. మందులు, సౌందర్య సామగ్రిలోని మద్యంపై సుంకాలకు 1955లో చేసిన కేంద్ర చట్టంలో, మామూలు మద్యంలాగా తాగడానికి వీలైన మందులను ప్రత్యేక తరగతిగా చూపించవలసి వచ్చింది. మందుకూ మందుకూ తేడా రాయడానికి చట్టసభకే అంత శ్రమ పట్టింది.

ఆ విషపదార్థం జేక్‌తో ముగియలేదు. 1959లో మొరాకోలోని మెక్నెస్ ప్రాంతంలో విమానాల ఇంజన్ నూనెను వంటనూనెలో కలిపి అమ్మగా సుమారు పది వేలమందికి కాళ్లు పడిపోయాయి. 1988లో కలకత్తాలోని బెహలాలో వంటనూనె కల్తీ వల్ల వందల కుటుంబాలు అదే రోగంతో మంచం పట్టాయి. అక్కడ తాగినవాడెవడూ లేడు, తాళింపు వేసుకున్నవారే.

నేను ఆ నడకను పుస్తకంలో చదవకముందే విన్నాను. పత్తి పండే మా జిల్లాలలో పురుగుమందు తాగినవారు ఆసుపత్రికి రాని వారం ఉండేది కాదు. ఆ మందులలో చాలావరకు ఈ ట్రై ఆర్థో క్రెసిల్ ఫాస్ఫేట్ కుటుంబంలోనివే. అట్రోపిన్ సూదులతో రాత్రింబగళ్లు కూర్చుని బతికించి ఇంటికి పంపిన ఒక కౌలురైతు మూడు వారాల తరువాత మళ్లీ వచ్చాడు. “అయ్యా, చెప్పు కాలికి నిలవడం లేదు” అన్నాడు. వరండాలో అతను నడిచి వస్తుండగానే వినబడింది, ముందు వేళ్లు, ఆ తరువాత టప్‌మని మడమ. క్లోర్‌పైరిఫాస్ వంటి కొన్ని మందులు ప్రాణాపాయం దాటిన రెండు మూడు వారాలకు ఇలా పొడవాటి నాడుల చివరలను ఎండబెడతాయి. జేక్ బాధితులలో బతికి ఉన్న కొందరిని 47 ఏళ్ల తరువాత పరీక్షించిన వైద్యులు, వెన్నుపాములో మిగిలిన దెబ్బ కారణంగా వాళ్ల కాళ్లు బిగుసుకునే ఉన్నాయని రాశారు. మా రైతుకు చేతులు తిరిగి వచ్చాయి. పాదాలు పూర్తిగా రాలేదు.

మళ్లీ మా మేనల్లుడి గ్లాసు దగ్గరికి. ఆ అరవై మిల్లీలీటర్లలో ఉన్నది సుమారు ఇరవై గ్రాముల శుద్ధ మద్యం. పైన పోసిన తీపి జింజర్ బీరులోని చక్కెర వేరే లెక్క. గ్యాస్ నిండిన పానీయంతో కలిపితే కొందరిలో మద్యం రక్తంలోకి మరింత వేగంగా చేరుతుంది. ఏ కొద్ది మోతాదూ ఆరోగ్యానికి క్షేమమని చెప్పలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో ప్రకటించింది. మెట్రోనిడజోల్ వాడుతున్నవారు, నిద్రమాత్రలు వేసుకునేవారు, మధుమేహానికి ఇన్సులిన్ తీసుకునేవారు, కాలేయ జబ్బు ఉన్నవారు దాని జోలికే పోకూడదు. రక్తం గడ్డకట్టకుండా వార్‌ఫరిన్ వాడేవారు అల్లాన్ని కూడా కూరలో వేసుకునే మేరకే ఉంచుకుని, సారాలు, గుళికలు మానాలి. జలుబుకు పారాసిటమాల్ మింగి పైన రమ్ము తాగడం కాలేయానికి రెండు వైపుల దెబ్బ. ఇంట్లో జింజర్ బీరు పులియబెట్టేవారికి మరో మాట: అందులోని ఈస్టు, సూక్ష్మజీవులు కలిసి బతికే తీరును 1892లో మార్షల్ వార్డ్ అనే శాస్త్రజ్ఞుడు విడదీసి చూపించాడు, ఆ జీవులకు సీసా గట్టితనం తెలియదు, బిగించిన గాజు సీసాలు పేలి కళ్లకు గాయాలవుతాయి. ఊరూ పేరూ లేని సీసాలోని మద్యం సంగతి చెప్పనే అక్కరలేదు; దానిలో ఉన్నది మిథనాలా ఇంకేమన్నానా అన్నది వాసనకూ తెలియదు, రుచికీ తెలియదు.

ఈ వ్యాసం చదివి వాడు ఫోను చేశాడు. “అయితే జలుబుకు ఏం తాగమంటావు మామయ్యా?” అని అడిగాడు. అల్లం దంచి, నీళ్లలో మరిగించి, కాస్త బెల్లం వేసుకోమన్నాను. “దానికీ మందనే అంటారుగా” అన్నాడు.